పీట అడుగున నల్లటి నూనె

పెయింటరు వార్నిష్ డబ్బా మూత తీయగానే ఘాటు వాసన హాలంతా నిండింది. కొత్త తలుపు నిగనిగలాడుతుంటే ఇంట్లో అందరూ మురిసిపోతున్నారు. నేను కిటికీ దగ్గరకు పోయి కూర్చున్నాను. ఆ వాసన నాకు పడదు. ఉబ్బసం అనుకుంటారు మావాళ్లు. అనుకోనీ అని ఊరుకుంటాను.

పందొమ్మిది వందల అరవైల చివర, శ్రీముఖలింగం దగ్గర ఒక పల్లె బడిలో నాకు మొదటి ఉద్యోగం. ఇరవై రెండేళ్లు, ఇంకా పర్మినెంటు కాని కొలువు, తలనిండా పొగరు. ఎదురింట్లో వడ్రంగి అప్పలస్వామి తాత ఉండేవాడు. చెక్కను గోటితో గీసి, వాసన చూసి, ఏది పూయాలో దాన్నే అడగాలనేవాడు. నవ్వేదాన్ని. పిల్లలందరికీ ఒకటే బెత్తం వాడే నాకు ఆ మాట ఒంటపట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

బడికి పుస్తకాల బీరువా చేయమని హెడ్మాస్టరు తాతకు పురమాయించి, దగ్గరుండి చూసుకొమ్మని నాకు అప్పగించారు. బీరువా పూర్తయ్యాక తాత ఒక కుండ తెచ్చాడు. జీడిపిక్కల తొక్కల నుంచి తీసిన నూనె, తారులా నల్లగా ఉంది, కంపు కూడా. ఒంటికి తగిలితే పొక్కుతుంది. ఆయన చేతుల మీద ఎప్పుడూ ఆ మచ్చలు ఉండేవి.

“కాళ్లకీ, అడుక్కీ, ఎనకాలకీ ఇదే రాయాల పంతులమ్మా. మట్టినేల గదా, సెద ఊరుకోదు. ముందరికి నీకు నచ్చిందేదో ఎయ్యి.”

“ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారు తాతా. గదంతా కంపు కొడితే నా పరువు పోతుంది. మొత్తం వార్నిషే వేసెయ్.”

“వార్నిష్ మెరుస్తాది గానీ సెదని ఆపదమ్మా.”

రెండుసార్లు చెప్పాడు. నేను మొండికేశాను. ఆయన కుండకు మూత పెట్టి, నేను చెప్పినట్టే చేశాడు.

ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్నారు. వానాకాలం వెళ్లేసరికి చెద బీరువా కాళ్లలోంచి ఎక్కి కింది రెండు అరల పుస్తకాలను తినేసింది. హెడ్మాస్టరు తాతను పిలిపించి అందరి ముందూ నిలదీశారు. “చెదకు ఏదీ పూయకుండా ఎలా ఇచ్చావయ్యా?” నావైపు తిరిగారు. “మీరు దగ్గరున్నారు కదమ్మా, మీకేమైనా చెప్పాడా?”

“నాకేం చెప్పలేదండీ,” అన్నాను.

తాత నా ముఖం చూడలేదు. “నా సేతి పని బాబూ. తప్పు నాదే,” అన్నాడు.

ఆ తర్వాత బడి బల్లల పని పట్నం వాళ్లకు పోయింది. ఊళ్లోవాళ్లు కూడా తలుపులకూ మంచాలకూ వేరేవాళ్లను పిలవసాగారు. అరుగు మీద ఖాళీగా కూర్చున్న ఆయన ముందునుంచే రోజూ బడికి వెళ్లేదాన్ని. ఉద్యోగం పర్మినెంటు అయ్యాక హెడ్మాస్టరుకు నిజం చెప్పేద్దాం అనుకునేదాన్ని. అయింది. చెప్పలేదు. ఆ పిరికితనానికి ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

నాకు బదిలీ అయినప్పుడు ఆయనే ఒక పనసకర్ర పీట పట్టుకొని వచ్చాడు. “పైన ఏటీ రాయలేదమ్మా, నీకు నచ్చింది రాసుకో. అడుగున మట్టుకు నానే రాసేసినాను.” తిరగేసి చూశాను. నల్లగా ఉంది. అప్పుడైనా క్షమించమని అడగకుండా పీటను సామాన్లలో సర్దేశాను. మరుసటేడు ఆయన పోయాడని ఉత్తరం వచ్చింది.

పెయింటరు ఇప్పుడు ఆ పీటనే ఎత్తి పట్టుకున్నాడు. “దీనికీ ఓ కోటు ఏసేత్తానమ్మా, ఎలిసిపోనాది.”

“వద్దు నాయనా.”

అతను పీట తిరగేసి చూశాడు. “ఇన్నేళ్లయినా సెద ముట్టలేదే. ఎవులు సేసినారమ్మా?”

“అప్పలస్వామి అని, మంచి పనివాడు. బడి బీరువాకు కూడా ఈ నూనే రాస్తానన్నాడు. నేనే వద్దన్నాను.”

యాభై ఏళ్లలో ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి. అతను తలూపి, పీట కింద పెట్టి, బ్రష్షు ముంచుకొని తలుపు వైపు తిరిగాడు.