రెండు వేళ్ల గుర్తు

మా లెక్కల టీచర్ "మించొద్దు" అని నోటితో చెప్పేది కాదు. రెండు వేళ్లు విడదీసి, బోర్డు మీది అసమీకరణ గుర్తులా పట్టి చూపేది.

ఒకరోజు, ఆటోలో ఏడుగురికి మించి ఎక్కకూడదు, ఎక్కేవాళ్లు ఎక్స్ అనుకొని రాయమంది. నేను ఎక్స్ ఏడు కంటే ఎక్కువని రాశాను.

"గిట్లెందుకు రాసినవే?"

"మా కంగ్టి ఆటోల ఎప్పుడైనా ఇంకొకలు పడ్తరు టీచర్."

క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

ఆ సాయంత్రం ముసురులో, నారాయణఖేడ్ నుంచి కంగ్టి పోయే ఆఖరి ఆటోలో ఆమె కూడా ఉంది. డ్రైవర్ పక్కన సగం బయటికి వేలాడుతున్న నన్ను చూసి, కిందికి దిగింది.

"నువ్ లోపల కూసో."

కూర్చున్నాను. "జల్దీ ఎక్కు" అంటూ డ్రైవర్ నేను లేచిన చోట ఇంకొకతన్ని ఎక్కించుకున్నాడు.

ఆటో కదిలింది. టీచర్ వానలో నిలబడి, ఆ రెండు వేళ్లు డ్రైవర్‌కు చూపిస్తూనే ఉంది.