ఖిడ్కీ గొళ్ళెం ఏ వైపు?

మెదక్ మున్సిపాలిటీకి టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజర్‌గా నేను బదిలీ మీద వచ్చింది ఒక మే నెలలో, రిటైర్మెంటుకు మూడేళ్ళ ముందు. ఇళ్ళ అనుమతులన్నీ అప్పటికే ఆన్‌లైన్లోకి వెళ్ళాయి. దరఖాస్తూ ప్లానూ కంప్యూటర్లో వస్తాయి. మా ఓవర్సీర్ స్థలం చూసి వస్తాడు. నేను పరిశీలించి కమిషనర్‌కు పంపుతాను. లోపం కనిపిస్తే ‘షార్ట్‌ఫాల్’ రాసి, సరిచేసుకు రమ్మని వెనక్కి పంపాలి. ఏళ్ళ తరబడి ఈ పని చేస్తే మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. గోడౌను అంటే ఫంక్షన్ హాలేమో అనిపిస్తుంది, పోర్టికో అంటే దుకాణమేమో అనిపిస్తుంది. మా ఆయన డాబా మీద నీళ్ళ ట్యాంకు పెట్టిస్తానంటే కూడా నేను టేపు పట్టుకుని పైకెక్కాను.

వచ్చిన కొత్తలోనే రహీం అనే ఆయన దరఖాస్తు నా ముందుకొచ్చింది. బస్టాండు దగ్గర కూలర్ల దుకాణం ఆయనది. తండ్రి కట్టిన పాత పెంకుటిల్లు తీసేసి, అదే జాగాలో ఒకే ఉమ్మడి గోడతో రెండిళ్ళు కడతామని అడిగారు. ఒకటి తనకు, ఒకటి చెల్లెలు షాహీన్‌కు. యజమానులుగా ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ఇద్దరి సంతకాలూ ఉన్నాయి, పన్ను బాకీ లేదు. “అంతా క్లియర్ మేడం” అన్నాడు ఓవర్సీర్. అంత క్లియర్‌గా ఉన్న ఫైలు నాకు ఎప్పుడూ నచ్చదు.

ప్లాను మళ్ళీ తెరిచాను. ఉమ్మడి గోడలో ఒక కిటికీ గీసి ఉంది. కిటికీ గాలికీ వెలుతురుకూ పెడతారు గానీ పక్కింటి హాల్లోకి ఎవరు పెడతారు? పైగా ఆ కిటికీ నేల నుంచే మొదలవుతోంది. అన్న వైపు వంటగది బాగా పెద్దది. చెల్లెలి వైపు వంటగది అగ్గిపెట్టంత, గదులు మాత్రం మూడు, మూడింటికీ విడివిడిగా బాత్రూములు. ఆమె ఒక్కతే ఉంటుందని ఓవర్సీర్ చెప్పాడు. ఒంటరిగా ఉండే ఆడమనిషికి మూడు బాత్రూములెందుకు? శివరాత్రికి ఏడుపాయల జాతర జనం వస్తే మా ఊళ్ళో గది దొరకదు. ఇంటి పేరు చెప్పి లాడ్జి కడుతున్నారని, ఆ కిటికీ రేపు తలుపైపోతుందని నాకు గట్టిగా అనిపించింది. నివాసానికని అనుమతి తీసుకుని కిరాయి గదులు నడపడం ఉల్లంఘన. అలాంటి దరఖాస్తును తిరస్కరించవచ్చు. తిరస్కరించే ముందు ఒకసారి నా కళ్ళతో చూద్దామని బయల్దేరాను.

అనుమతి చేతికి రాకముందే పాత ఇల్లు చాలావరకు కూల్చేశారు. మిగిలిన ఒక్క గదిలోంచి కుట్టుమిషన్ చప్పుడు వినిపిస్తోంది. కిటికీ సంగతేమిటని రహీంను అడిగాను.

“కిటికీ కాదు మేడం, ఖిడ్కీ. ఇంజినీర్ తప్పు గీసిండు” అన్నాడాయన. “గోడల చిన్న దర్వాజ ఉంటది. మా ఆడోళ్ళు బజార్లకు పోకుంట ఇటుకెల్లి అటు, అటుకెల్లి ఇటు తిరుగుతరు. పాతిండ్లల్ల అందరికి ఉండె.”

ఉర్దూలో ఖిడ్కీ అంటే కిటికీ కూడా కాబట్టి మాటలో పొరపాటు తేలింది గానీ నా అనుమానం తీరలేదు. నేను భయపడ్డ తలుపు రేపటి దాకా ఆగకుండా ఇప్పుడే వచ్చేసింది. చెల్లెలితో మాట్లాడాలన్నాను.

“ఆమె ఎందుకు మేడం? నేను చెప్తున్న గద.”

ఆ మాటతో ఆమెను చూడకుండా కదలకూడదని నిశ్చయించుకున్నాను. షాహీన్ భర్త నుంచి విడిపోయి పుట్టింటికి వచ్చి చాలా కాలమైంది, తన తిండి తన మిషన్ మీదే సంపాదించుకుంటోంది. అన్న పక్కన నిలబడి ఉండగా ఏది అడిగినా “అన్న చెప్పినట్టే” అన్నది. ఇలా లాభం లేదనుకుని, నాకొక జాకెట్ కుట్టాలి, కొలతలు తీసుకోమన్నాను. ఇక రహీం గదిలో ఉండటానికి లేదు. బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

షాహీన్ నా భుజాల మీద టేపు పెట్టి గొంతు తగ్గించింది. “మీ అనుమానం సహీ మేడం. జాతరప్పుడు నా రూములు కిరాయికిస్తనని అన్న ఇప్పటికెల్లే అందరితోని చెప్తుండు. నన్నయితే అడగలె.”

నాకు ఒళ్ళు మండింది. అనుమతి ఆపేస్తానన్నాను. ఆమె చేతిలో టేపు ఆగిపోయింది.

“ఆపకుండ్రి మేడం. వానలొస్తున్నయి, ఈ రూం గూడ ఉండది. నాకు ఇల్లు గావాలె.”

పోనీ ఆ ఖిడ్కీ తీసేయిస్తానన్నాను.

“గట్ల గూడ చెయ్యొద్దు. భాభీ నాకు మస్తు ఆసరా, పిల్లలు నా దగ్గర్నే పెరిగిండ్రు. ఖిడ్కీ ఉండాలె, గొళ్ళెం నా దిక్కుండాలె. గంతే. నేను చెప్తె అన్న నారాజైతడు. మీరు రాస్తె రూల్ అనుకుంటడు.”

గొళ్ళెం ఏ వైపు ఉండాలో చెప్పే రూలు మా పుస్తకాల్లో లేదు. దారిలో జీపులో కూర్చుని ఆలోచిస్తే ఒకటి తట్టింది. ప్లానులో తలుపు గీసినప్పుడు, అది ఎటు తెరుచుకుంటుందో చూపే చిన్న వంపు గీత కూడా గీయాలి. తలుపు ఏ ఇంట్లోకి తెరుచుకుంటే గొళ్ళెం ఆ ఇంట్లోనే పడుతుంది. మర్నాడు షార్ట్‌ఫాల్ రాశాను: రెండిళ్ళూ నివాసానికే వాడతామని ఇద్దరూ హామీపత్రం ఇవ్వాలి, ఉమ్మడి గోడలో ఉన్నది తలుపని చూపాలి, అది షాహీన్ ఇంట్లోకి తెరుచుకునేలా గీయాలి.

రహీం వెంటనే ఆఫీసుకు వచ్చాడు. హామీపత్రం గురించి ఒక్క మాట అడగలేదు. “తలుపు ఎటు తెరుసుకుంటే మీకేంది మేడం?” అన్నాడు.

“నాకేం లేదు. మీకేమైనా ఉందా?” అన్నాను.

కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “షాహీన్ ఏమన్న చెప్పిందా?”

“మెడ ఎంత లోతు పెట్టాలని అడిగింది.”

ఆయన నమ్మలేదు, నమ్ముతాడని నేనూ అనుకోలేదు. అయినా హామీపత్రమూ సవరించిన ప్లానూ వచ్చాయి. అనుమతికి పంపేశాను.

ఇళ్ళు పూర్తయ్యాక, నివాసయోగ్యమని సర్టిఫికెట్ ఇచ్చే ముందు మళ్ళీ తనిఖీ చేయాలి. అది శివరాత్రి దగ్గర పడుతున్న రోజుల్లో పడింది. ప్లానులో గీసింది వేరు, కట్టేది వేరు అని నాకు తెలుసు కాబట్టి నేరుగా షాహీన్ ఇంట్లోకి వెళ్ళి ఖిడ్కీ చూశాను. తలుపు ఇటే తెరుచుకుంటోంది. గొళ్ళెం ఇటే ఉంది, వేసి ఉంది. ముందు గదిలో మిషన్, పక్కన బట్టల మూటలు. నా జాకెట్ ఎప్పుడో కుట్టి పెట్టిందట, తెచ్చి చేతిలో పెట్టింది.

అంతలో ఖిడ్కీ మీద దబదబా బాదారు. అవతల రహీం గొంతు. ఉర్దూలో ఏదో అన్నాడు. రామాయంపేట నుంచి జాతరకు ఎవరో వచ్చారని, గదులు చూపించాలని అర్థమైంది. షాహీన్ మిషన్ ముందు కూర్చుంది. నాకు వినబడాలనేమో, తెలుగులో జవాబిచ్చింది.

“రోడ్డు మీదికెల్లి రా అన్నా. నా ఇంటికి ముంగట దర్వాజ ఉన్నది.”

బాదడం ఆగింది. ముందు తలుపు దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు. కాసేపటికి ఖిడ్కీ మీద మళ్ళీ మెల్లగా చప్పుడైంది, రహీం కూతురు “ఫుప్పూ” అని మేనత్తను పిలిచింది. షాహీన్ లేచి గొళ్ళెం తీసింది.

సర్టిఫికెట్‌కు సిఫారసు రాశాను. అనుమానం నా ఉద్యోగంలో అవసరమైన పనిముట్టే, కానీ నేను దాన్ని అప్పటిదాకా అనుమతి ఆపడానికే వాడాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ ప్లాను వచ్చినా గోడల కంటే ముందు తలుపులు ఎటు తెరుచుకుంటున్నాయో చూశాను.