అత్త తోమిన హెడ్‌లైట్లు

మా మేనత్త కారు నాకంటే వయసులో పెద్దది. అందుకే మా ఇంట్లో దాని మాట ముందు చెల్లుతుంది. అది రానంటే ఎవరూ ఎక్కడికీ పోలేరు. నేను రానంటే అందరూ హాయిగా పోతారు.

బోయిగూడలో మా అందరిదీ ఒకటే ఇల్లు. పైన అమ్మ, నాన్న, నేను. కింద అత్త, ఆమె కర్రీ పాయింటు. మధ్యాహ్నానికి ఎనిమిది రకాల కూరలు సిద్ధం కావాలంటే వాటి కూరగాయలు పొద్దున్నే ఇంట్లో ఉండాలి. అందుకని వారానికి నాలుగు రోజులు, చీకటి ఇంకా విడవకముందే, ఆ కారు వేసుకుని బోయిన్‌పల్లి మార్కెట్‌కు పోతుంది. ఒక్కతే. ఇరవై ఏళ్లుగా. వెనక సీటు ఎప్పుడో పీకించేసింది. ఎందుకని అడిగితే, "మనుషులు బస్సుల పోతరు, వంకాయలకే కారు గావాలె" అంటుంది.

నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఆ కారులోనే. మొదటి రోజు గేటును గుద్దితే, "గేటు ఎట్లనో మార్చాలనుకుంటున్న" అంది. ఇంకెవరైనా అయితే నేను ఈ రోజుకీ స్టీరింగ్ ముట్టేవాణ్ణి కాదు. ఆ గేటు ఇప్పటికీ అదే.

కారుకు ఉన్న లోపం ఒక్కటే: దానికి కనబడదు. హెడ్‌లైట్లు వేస్తే ముందు ఎవరో బీడీ వెలిగించినట్టు ఉండేది. హై బీమ్, లో బీమ్ అని రెండు ఉండేవి గానీ, వాటి తేడా స్విచ్‌కు తప్ప ఎవరికీ తెలియదు. అత్త కారును జ్ఞాపకం మీద నడిపేది. జ్ఞాపకంలో లేని వస్తువు ఎదురైతేనే ఇబ్బంది. ఒక రోజు బోయిన్‌పల్లి దగ్గర రోడ్డుకు అడ్డంగా పడుకున్న బర్రె ఎదురైంది. బర్రెకు ఏమీ కాలేదు. బంపర్‌కు అయింది.

ఆ సాయంత్రం నాన్న కిందికి దిగాడు. అత్తకు తమ్ముడు. ఆమె ముందు గొంతు పెంచాలంటే మెట్ల మీదే అలవాటు చేసుకుంటూ దిగుతాడు.

"అక్కా, ఇగ బంద్ జెయ్యి. ట్రాలీ ఆటో మాట్లాడ్త. ఆడే తెచ్చి ఇంటి ముంగట పడేస్తడు."

"ఆడు దెచ్చిన వంకాయలు ఆడే తినాలె. పుచ్చులు ఎవడు ఏరుతడు, ఆడా?"

"బర్రెను గుద్దినవ్ అక్కా."

"గుద్దలే. అడ్డం పండుకుంటే లేపిన."

నాన్న నవ్వలేదు. నేను నవ్వి, ఆయన చూపు చూసి, దగ్గుగా మార్చాను. రెండు నెలల్లో కారు కాగితాల గడువు తీరుతుంది. బండిని ఆర్టీఏ ఆఫీసుకు తీసుకుపోయి చూపించి పొడిగించుకోవాలి. "లైట్లు పాసయితే నడుపుకో. కాకపోతే అమ్మేద్దం. మాట ఇయ్యి" అన్నాడు.

అత్త కాసేపు బీరకాయ చెక్కు తీసింది. "సరే తియ్యి" అంది.

మా అత్త మాటంటే ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు. ఇచ్చిందంటే అయిపోయినట్టే. ఆమె కోల్పోయేది కారు ఒక్కటే కాదని నాకనిపించింది. రోజు మొత్తంలో "ఉప్పెక్కడ", "గిన్నె ఎక్కడ", "అత్తా చిల్లర" అని ఎవరూ అడగని సమయం ఆ మార్కెట్ పోయి వచ్చే రెండు గంటలే. అందుకే, "లైట్ల సంగతి నేను చూసుకుంటా" అన్నాను. సరిహద్దుకు బయలుదేరే సిపాయిలా అన్నాను గానీ, అప్పటికి నా అనుభవమంతా ఫ్రిజ్‌లో బల్బు మార్చడమే. అది కూడా వెలగలేదు.

వారం రోజులు ఫోన్లో వీడియోలు చూశాను. కొత్తగా దొరికే తెల్ల లైట్లు పెడదామంటే అత్త ఒప్పుకోలేదు. "ఎదుటోని కండ్లు పోతయ్" అంది. చివరికి ఇంగ్లండులో ఒక పాత సామాన్ల ఆసామి దగ్గర, మా కారుకు సరిపోయే సైజులో, గుండ్రటి దళసరి గాజు హెడ్‌లైట్లు ఒక జత దొరికాయి. అక్కడ కూడా మనలాగే ఎడమ పక్కన నడుపుతారు కాబట్టి పనికొస్తాయి. కుడి పక్కన నడిపే దేశాలవైతే, కిందికి దించినా వెలుగు ఎదుటివాడి మొహం మీదికే పోతుంది. ఈ సంగతి తెలుసుకున్నందుకు రెండు రోజులు గర్వంగా తిరిగాను. తర్వాత జరిగింది చూస్తే, ఆ గర్వం అడ్వాన్సుగా వాడేసుకోవడమే మంచిదైంది.

మూడు వారాలకు డబ్బా వచ్చింది. గాజు బాగుంది. లోపల వెలుగును ముందుకు తోసే గిన్నెలాంటి రిఫ్లెక్టర్లే మసకబారి, పాత అద్దంలా మచ్చలు పడి ఉన్నాయి. గాజు విప్పి, రెండు గిన్నెలనూ అత్త వంటింటి గట్టు మీద పెట్టాను. "ఇవి అద్దం లెక్క మెరవాలె అత్తా. లేకుంటే ఎంత కరెంటిచ్చినా ఫాయిదా లేదు" అని చెప్పి, మరునాడు పొద్దున ఆఫీసుకు పోయాను.

ఆ రోజు గురువారం. శుక్రవారం పూజ కోసం గురువారం మధ్యాహ్నం అత్త దేవుడి సామాన్లన్నీ తోముతుంది. కుందులు, హారతి పళ్లెం, గంట. గట్టు మీద ఇంకో రెండు దీపాలు కనబడితే వదిలిపెట్టే మనిషి కాదు.

నేను వచ్చేసరికి వాకిట్లోనే ఎదురొచ్చింది. చేతిలో గిన్నె. "ఇగో జూడు. వెండి లెక్కున్నదని ముందుగాల విభూతితోని రుద్దిన. మచ్చలు పోతలేవ్. గప్పుడు చింతపండు, పీచు పట్టిన. లోపల అసలు రంగు బైటికొచ్చింది!"

అసలు రంగు బయటికొచ్చింది, నిజమే. పసుపుపచ్చగా, గుళ్లో గంటలా మెరుస్తోంది. ఇత్తడి. దాని మీద ఎన్నో ఏళ్ల కింద వేసిన పల్చటి వెండి పూత మా సింకులోంచి మూసీ దిశగా వెళ్లిపోయింది.

జోకు వేద్దామని నోరు తెరిచాను, రాలేదు. అత్త నా మొహం చూసింది. తర్వాత గిన్నె చూసింది.

"చెడగొట్టిన్నా?"

"లేదత్తా, జెర..."

"చెడగొట్టిన." స్టూలు మీద కూర్చుంది. కొంగుతో గిన్నె అంచు తుడిచింది, అవసరం లేకపోయినా. "దీపమే గదా అనుకున్న. నువ్వు పరేషాన్ గాకు. తమ్మునికి చెప్త, అమ్మేద్దం."

గడువుకు అప్పటికి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. తప్పు నాదే. దేవుడి దీపాల పక్కన దీపం పెట్టి, ముట్టొద్దని చెప్పకుండా పోయిన వాణ్ణి నేను.

మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి తొందరగా వచ్చి, కారును రెజిమెంటల్ బజార్‌లో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకుపోయాను. అరవై దాటిన మనిషి, అందరూ ఉస్తాద్ అంటారు. అత్త కూడా వచ్చింది. నేరం తనదని తానే చెప్పుకుంటానని పట్టు. రెండు గిన్నెలనూ ఆయన ముందున్న చెక్కబల్ల మీద పెట్టి, విభూతి దగ్గర మొదలుపెట్టి పీచు దాకా ఏదీ దాచకుండా చెప్పింది. పోలీసు స్టేషన్లలో ఇలా చెప్పేవాళ్లుంటే కేసులు గంటలో తేలిపోతాయి.

ఉస్తాద్ కళ్లజోడు పైకి నెట్టి, గిన్నెను లైటు కింద తిప్పి తిప్పి చూశాడు. నవ్వుతాడని నేను పళ్లు బిగబట్టి ఉన్నాను.

"అమ్మా, తోమింది మీరేనా?"

"నేనే."

"బహుత్ అచ్ఛా. పాత పూత తియ్యనిదే కొత్త పూత పట్టది. గా పని చేసెటోనికి ఒక రోజు పడ్తుండె. మీరు ఇంట్లనే చేస్కొచ్చిన్రు."

అత్త ఆయన్ని అనుమానంగా చూసింది. "నిజమేనా?"

"ఇత్తడి మాల్ అమ్మా, ఇనుము కాదు. వెనక గల్లీల బ్యాండు బాజాలకు వెండి పూత పోసెటాయన ఉన్నడు. నాలుగు రోజులల్ల ఇస్తడు. తక్లీఫ్ ఏం లేదు."

అత్త భుజాలు ఒక అంగుళం కిందికి దిగాయి. నేను పక్కనే ఉన్నాను కాబట్టి కొలవగలిగాను. ఆమె పక్క కొట్టులో నిమ్మకాయలు బేరం చేయడానికి పోయాక, ఉస్తాద్‌ను మెల్లగా అడిగాను.

"చాచా, ఆమె తోముడు నిజంగ పనికొచ్చిందా?"

"సగం."

"మిగిలిన సగం?"

"ఆ గీతలు పోవాల్నంటే ఆయన ఇంకో రోజు పాలిష్ పట్టాలె. గది నాకు, ఆయనకు, నీకు తెలుసు. బస్."

గొప్ప దయలన్నీ పెద్ద మాటలతో వస్తాయని చదువుకున్నాను. నేను చూసినది గ్రీజు చేతులతో, సగం నిజంతో వచ్చింది. థాంక్స్ చెబితే, "ముందుగాల బోనెట్ ఎత్తు" అన్నాడు.

ఎత్తాం. ఇరవై ఏళ్లలో ఆ కారును బాగుచేసిన ప్రతి ఒక్కరూ తమ గుర్తుగా ఒక వైరు వదిలిపోయారు. కాలింగ్ బెల్ వైరు ఉంది. మైకుసెట్ వైరు ఉంది. ఒక చోట వినాయకుడి మండపం సీరియల్ సెట్ వైరు, దెబ్బలకు వేసే ప్లాస్టరుతో అతికించి ఉంది. ఉస్తాద్ ఒక్కొక్కటే లాగుతూ, "గిది ఎవడు? గిది ఎవడు?" అని పెళ్లికి పిలవని చుట్టాల్ని లెక్కపెట్టినట్టు పీకేశాడు. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర పన్నెండున్నర వోల్టులున్నాయి, బల్బు దగ్గర తొమ్మిది.

"సూశినవా? ఇన్నొద్దులు కరెంటంత స్విచ్‌లకెళ్లి పోతుండె. సన్న వైరు, లంబా రస్తా. తొవ్వల్నే సచ్చిపోతది. ఇప్పుడు రిలే పెడ్త. స్విచ్ ఉత్తగ హుకుం ఇస్తది. కరెంటు బ్యాటరీ నుంచి సీదా లైటుకు పోతది."

హుకుం ఇచ్చేది ఒకరు, బరువు మోసేది ఇంకొకరు. మా ఆఫీసు కూడా రిలే మీదే నడుస్తుందని అప్పుడు అర్థమైంది.

రెండు ఆదివారాలు పట్టింది. కొత్త దళసరి వైర్లు, ఫ్యూజులు, రిలేలు. లైటు నుంచి తిరిగొచ్చే వైరును బాడీకి బిగించే చోట తుప్పు పేరుకుపోయి ఉంటే, తెల్లటి ఇనుము కనబడేదాకా నాతో గరుకు కాగితం పట్టించాడు. మా వంశపు రుద్దుడు నాకూ వచ్చని తేలింది. కుడి పక్క లైటు నన్నే కలపమన్నాడు. కలిపాను. పాత లైట్లతోనే స్విచ్ వేసి చూస్తే ఎడమ లైటు రోడ్డును, కుడి లైటు ఎదురింటి రెండో అంతస్తును చూస్తున్నాయి.

"మెల్లకన్ను పెట్టినవ్ రా దానికి" అంది అత్త, టీ గ్లాసు పట్టుకుని.

నేను తారుమారు చేసిన హై, లో వైర్లను ఉస్తాద్ మార్చాడు. వెండి పూతతో వచ్చిన గిన్నెలను ఆయన వేళ్లు తగలకుండా, అంచులు మాత్రమే పట్టుకుని బిగించాడు. ఇది చూసి అత్త తన చేతులు వెనక్కి పెట్టుకుంది. గాజు మూసేముందు ఆయన ఆమెను పిలిచాడు. "అమ్మా, మెత్తటి గుడ్డతోని గాజు బైట తుడువుర్రి. రోజు తుడువుర్రి. లోపలిది మాత్రం నాకు వదిలెయ్యుర్రి." ఏ నిందా లేకుండా హద్దు గీయడం అలా ఉంటుంది. ఆయన దగ్గర నేర్చుకున్న వైరింగ్ మర్చిపోయాను గానీ ఇది గుర్తుంది.

తనిఖీ రోజు అత్త ఇస్త్రీ చీర కట్టుకుని, తానే నడిపింది. నాన్న వెనక బైకు మీద వచ్చాడు, సాక్షిలా. నేను పక్క సీట్లో కూర్చుని కారు లోపల అతికించి ఉన్న దేవుళ్లందరికీ వంతులవారీగా దండం పెట్టాను. అధికారి కాగితాలు చూసి, కారు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"లైటెయ్యమ్మా."

వేసింది.

"డిమ్... ఇప్పుడు హై... ఆఁ, చాలు చాలు చాలు."

చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని పక్కకు జరిగాడు.

"ఇంకోసారి ఎయ్యాల్నా సార్?" అని అడిగింది అత్త. అక్కర్లేదన్నాడు. బ్రేకులు, హారన్ చూసి సంతకం పెట్టాడు. డ్రమ్ములు మోగలేదు. వెనక ఉన్న ఆటోవాడు మాత్రం "జెర ముంగటికి తియ్యిన్రి" అని హారన్ కొట్టాడు.

మర్నాడు తెల్లారకముందు కారు చప్పుడుకు మెలకువ వచ్చింది. తోడు వస్తానని రాత్రే అడిగాను. "నువ్వొస్తే సీటు వేస్టు, క్యాబేజీ పెడ్త" అంది. మేడ మీంచి చూశాను. వీధి చివరి గోడ దాకా వెలుగు పడింది. గోడ మీది పాత పోస్టర్ల అక్షరాలు కూడా చదవచ్చు. కారు మలుపు తిరిగింది. వెలుగు దాని వెంటే పోయింది.

నేను కింద గడప మీద కూర్చున్నాను. కాసేపటికి నాన్న పేపరు పట్టుకుని దిగాడు. ఆ పేపరు నిన్నటిది. ఏడుకు కారు వచ్చి ఆగింది. అత్త దిగింది. బంపర్ చూశాను, నాన్నా చూశాడు. కొత్త సొట్టలేమీ లేవు.

"కనబడ్డదా అక్కా?" అన్నాడు నాన్న.

"ఎందుకు కనబడది? రోడ్డు మీద గన్ని గుంతలున్నయని ఇన్నేండ్లు తెల్వనే తెల్వదు. తెల్వకుంటేనే మంచిగుండె."

నాన్న పేపరు మడిచి గడప మీద పెట్టాడు. పోయి, డిక్కీ తెరిచి, టమాటాల సంచి భుజానికెత్తుకున్నాడు.