పదకొండింటికే మోగిన భోజనాల సైరన్

డెబ్భైల నాటి మాట. ఏలూరు నుంచి వచ్చి కొండాపూర్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. ఓ రోజు మా ఇంజనీరుగారు, "కొత్త ప్రింటరుకి శాంపిల్ డేటా పంపి చూడండి" అన్నారు. కమాండ్ టైపు చేశాను. ప్రింటరు నంబరు నాలుగు. నేను కొట్టింది ఐదు. ఐదేమో అదే కంప్యూటరుకు కలిపి ఉన్న, పన్నెండింటికి మోగాల్సిన భోజనాల సైరన్‌ది!

పదకొండింటికే అది ఊరంతా వినపడేలా మోగింది. పనివాళ్లంతా వచ్చి క్యాంటీన్ ముందు నిలబడ్డారు. లోపల ఇంకా ఎసరే మరగలేదు. ఇంజనీరుగారు నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

సాయంత్రం ఇంటికెళ్తే మా ఇంటి ఓనరు యాదమ్మ గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏంది సారూ, మీ సైరన్ గింత జల్ది మోగింది? మా ఆయన పొలం నుంచి గంట ముందే వచ్చి, బువ్వేదని ఒకటే లొల్లి!"

సిగ్గుపడి ఆవిడకో గడియారం కొనిచ్చాను. దాని టైము కూడా ఆవిడ రోజూ మా సైరన్ విని సరిచేసుకునేది. ఇక నేను ప్రతి కమాండూ రెండుసార్లు చదివి గానీ కొట్టలేదు.