నాలుగు పాయల జడ

దయ్యాలంటే నాకు నవ్వు. ఇప్పటికీ నమ్మను. కానీ అరవైల చివర్లో, సంగారెడ్డిలో మా బట్టల కొట్టు వెనకింట్లో జరిగినదాన్ని ఏమనాలో తెలియదు.

ఆ ఇంటికి రెండో భార్యగా వెళ్లాను. ఆచారం ప్రకారం, చనిపోయిన మొదటామె పేరిట సవతి బిళ్లను పుస్తెలతో కలిపి నా మెడలో కట్టారు. ఆమెను మరిస్తే ఊరుకోదని బెదిరించారు కూడా. బతికున్న అత్తమ్మకే జడవనిదాన్ని, పోయిన సవతికి జడుస్తానా!

ఆమె కూతురు పద్మ, ఆరేళ్ల పిల్ల. తల్లి పట్నం ఆసుపత్రికి పోతూ జడ వేసి, "నేనొచ్చి ఇప్పుత, ఎవ్వరిని ముట్టనియ్యకు" అన్నదట. తిరిగి రాలేదు. రేపొస్తది, ఎల్లుండొస్తది అని పిల్లకు చెబుతూ వచ్చారు. ఆ జడ అట్టలు కట్టి, తలంతా పుండ్లయింది. దువ్వెన చూస్తే కెవ్వుమనేది. గుండు చేయిద్దామన్నారు మా ఆయన. నేను వద్దన్నాను.

పోయినవాళ్లకు బియ్యమిచ్చే పెత్తర అమాస పొద్దున, పిల్లకు తెలియకుండా తల్లి పేరిట బియ్యం ఇచ్చారు. నాకు ఒళ్లు మండింది. పద్మను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను.

"బిడ్డా, మీ అమ్మ సచ్చిపోయింది. ఇగ రాదు. ఏడువు తల్లీ, ఎంతనన్న ఏడువు."

ఏడవలేదు. వెళ్లి నడిమింట్లో పడుకుంది.

"నీ నోట్ల మన్ను వడ! పసిపోరికి గట్ల చెప్తరానే?" అని అత్తమ్మ తిట్టి, కొట్లోకి పోయింది.

వీధి తలుపు గడియ పెట్టి, వంటింట్లో బతుకమ్మకు నువ్వులు దంచుకున్నాను. పని కాగానే పిల్లను చూడబోయి, గడపలోనే ఆగిపోయాను.

పద్మ నిద్రపోతోంది. అట్టలు విడిపోయి, తల నూనెతో నిగనిగలాడుతోంది. నాలుగు పాయల జడ. మా ఇంట్లో ఎవరికీ రాదది, నాకు మూడు పాయలదే వచ్చు. చివర ఎర్ర రిబ్బను. పద్మ కోసం పటాన్‌చెరు అంగడిలో నేను కొన్నదే. తను వద్దంటే నా పెట్టెలో పెట్టాను. పెట్టెకు వేసిన తాళం వేసినట్టే ఉంది, తాళంచెవి నా బొడ్లోనే దోపి ఉంది.

లేపాను. "అమ్మొచ్చింది చిన్నమ్మా. జడ ఇప్పి మల్లేసింది. ఇగ రానన్నది. రేపటి సంది చిన్నమ్మతోటి ఏపిచ్చుకొమ్మన్నది."

అప్పుడు ఏడ్చింది. పొద్దుగూకేదాకా నా ఒళ్లోనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

అత్తమ్మ కొట్లోంచి వచ్చి, ఆ జడను చేతిలోకి తీసుకుని చూసింది. "గది దాని చెయ్యే" అన్నది.

మర్నాడు దువ్వెన తెచ్చి పద్మే నా ముందు కూర్చుంది. ఇప్పుడు తనకు మనవరాళ్లు. ఆ రిబ్బను ఎలా బయటికొచ్చిందో ఈనాటికీ చెప్పలేను.

మా ఆయన పోయినప్పుడు పుస్తెలు తీశారు. బిళ్లను మాత్రం తీయనివ్వలేదు.