విమానంలో మావ నడక

మా మావ, అంటే అమ్మ తమ్ముడు, రామతీర్థం దగ్గర పల్లెలో తప్పెటగుళ్ళ బృందానికి గురువు. రొమ్ముకి రేకు తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో అలుపు లేకుండా గెంతగలడు. ఆయనకి చేతకానిదల్లా ఒక్కటే, ఊరికే కూర్చోవడం. పెళ్ళిళ్ళలో కూడా భోజనానికి కూర్చోమంటే వడ్డనలోకి పారిపోతాడు. అలాంటి మనిషికి, బృందంతో సహా, బ్రెజిల్‌లో జానపద ఉత్సవానికి పిలుపొచ్చింది. బడిలో ఇంగ్లీషు చెబుతాను కనుక మాట సాయానికి నన్నూ వెంటబెట్టుకెళ్ళారు.

గల్ఫ్ దాకా బాగానే సాగింది. అసలు ప్రయాణం అక్కడ మొదలైంది. సగం రోజుకు పైగా ఒకే విమానంలో కూర్చోవాలి. నేను బాగా తయారై వెళ్ళాను. మెడకి దిండు, కాళ్ళకి బిగుతు మేజోళ్ళు, ఫోను నిండా సినిమాలు. మావ తెచ్చుకున్నది సంచెడు జంతికలు. అవి ఎర్రసముద్రం దాటకముందే అయిపోయాయి.

అక్కణ్ణుంచి నడక మొదలుపెట్టాడు. చివరిదాకా వెళ్ళడం, వచ్చి నాకు కబుర్లు చెప్పడం. వెనక ఒక పసిబిడ్డ ఏడవకుండా బుద్ధిగా ఉందట. ఒకాయన చెప్పులు విడిచి పక్కవాడి కాళ్ళ మీద కాళ్ళు పెట్టాడట. మన బృందంలో అందరూ దుప్పట్లు ముసుగేసుకుని శవాల్లా పడున్నారట. విమానంలో పనిచేసే అమ్మాయి, కేరళ పిల్ల, మర్యాదగా రెండుసార్లు కూర్చోబెట్టింది. రెండుసార్లూ ఆమె అటు తిరగ్గానే లేచాడు.

చివరికి నన్ను తట్టి లేపాడు.

“ఒరే, ఆ పిల్లకి ఏదైనా పనుంటే సెప్పమను.”

“విమానంలో మనకి పనేటి మావా? కూకో.”

“కూకుంటే కాళ్ళు నావి కానట్టున్నాది. గ్లాసులైనా తీస్తాను.”

సిగ్గుపడుతూనే ఆ అమ్మాయికి చెప్పాను. నవ్వింది. పని ఇవ్వడానికి రూలు ఒప్పుకోదు గానీ, వెనక వంటగది పక్కన కాస్త ఖాళీ ఉంది, అక్కడ నిలబడొచ్చంది.

అక్కడ అప్పటికే నలుగురైదుగురు కాళ్ళు సాగదీసుకుంటున్నారు. వాళ్ళలో ఒక పెద్దావిడ చీలమండలు పొంగిన పూరీల్లా ఉన్నాయి. మావ వాటిని చూసి, తన కాళ్ళు చూపించి, మడమ, మునివేళ్ళు, మడమ అంటూ తప్పెటగుళ్ళ మొదటి అడుగు మెల్లగా వేసి చూపించాడు. ఆవిడ గోడ పట్టుకుని వేసింది. చూస్తున్నవాళ్ళు ఒక్కొక్కరే కలిశారు. అనువాదానికని నన్ను పిలిచారు గానీ, అనువదించడానికి అక్కడేమీ లేదు. మెడ దిండు తీయడం మరిచిపోయి నేనూ అడుగు కలిపాను. అంతలో విమానం కుదుపులకి బెల్టు దీపం వెలిగింది. బడి గంట కొట్టినట్టు అందరం ఎవరి సీట్లకి వాళ్ళం పరుగెత్తాం. మావ మాత్రం, అడుగు మధ్యలో ఆపించారని దిగేదాకా సణుగుతూనే ఉన్నాడు.

మర్నాడు ఉత్సవంలో, మా ఆటకి ముందు ప్రసంగాలు పెట్టారు. మెత్తటి కుర్చీలు, చల్లటి హాలు, తెలియని భాష. పక్కకి చూస్తే మావ నోరు తెరిచి గుర్రు పెడుతున్నాడు. పుట్టాక కుర్చీలో నిద్రపోవడం అదే మొదలు అనుకుంటాను. మా ఊరి పేరు పిలిచారు. భుజం పట్టి కుదిపితే కళ్ళు విప్పాడు.

“దిగిపోనామేటిరా?”

మన వంతు వచ్చింది మావా అన్నాను. గజ్జెలు సవరించుకుని, నాకంటే ముందే వేదిక వైపు నడిచాడు.