గాలిని చూసి కట్టిన లెట్రిన్

నెల్లూరు తీరానికి తుఫాన్లు ఎన్నో వచ్చి వెళ్లాయి. ఇళ్ల కప్పులు లేపాయి, కొబ్బరిచెట్లు కూల్చాయి, పడవల్ని తెచ్చి పొలాల్లో పడేశాయి. కానీ మా ఊరి టీ జోలికి ఏ తుఫానూ పోలేదు. ఆ ఘనత నాది. అరవైల మొదట్లో ఒక వానాకాలంలో నేనొక్కణ్నే, ఎవరి సాయమూ లేకుండా, ఊరు ఊరంతటి టీనీ పాడుచేసి చూపించాను. నవ్వదలచుకున్నవాళ్లు ఇప్పటినుంచే మొదలుపెట్టవచ్చు, నేనేమీ అనుకోను. టీ తాగుతూ చదువుతున్నవాళ్లు మాత్రం గ్లాసు కాసేపు పక్కన పెట్టండి.

కోట టౌనుకు తూర్పున, ఇసక మేటల మధ్య మా ఊరు. ఇంటి ముందు కాస్త నడిస్తే సముద్రం. ఇంటి వెనక పెరట్లో ఒరల బావి. బావి వెనక, పడమటి వైపు, ఎత్తుగా ఇసక దిబ్బ, దాని మీద సరుగుడు తోపు. సముద్రం అంత దగ్గరున్నా మా బావి నీళ్లు తియ్యగా ఉండేవి. దిబ్బ మీద పడ్డ వానంతా ఇసకలోకి ఇంకి, తీరిగ్గా, ఎవరికీ చెప్పకుండా, నేల కిందనే నడిచి వచ్చి మా బావిలో చేరేది. మధ్యాహ్నం పూట ఒరల మీద మోచేతులు ఆనించి లోపలికి చూస్తే ఒక ఆకాశం ముక్క, అందులో కదిలీ కదలని మబ్బు, దాని పక్కన నా మొహం. అలా చూస్తూ నేను అన్నం వేళ కూడా మరిచిపోయేవాణ్ని. "ఆ బావిలో ఏముందిరా శామ్యేలూ, రంభ ఉండాదా?" అని అమ్మ కేకేసేది.

ఆ నీళ్లతోనే వీధి మొదట్లో ఖాదర్ మామ టీ కాచేవాడు. మామ మాకు చుట్టం కాదు, అయినా మామే. రోజూ తెల్లవారి మా బావిలో రెండు బిందెలు తోడుకునేవాడు. కోట బస్సు మా ఊళ్లో ఆగేది మనుషుల కోసం కాదు, ఆ టీ కోసమే అని డ్రైవర్లే ఒప్పుకునేవారు.

నేను కోట స్కూల్లో డ్రాయింగు మాస్టర్ని. మేలుకుని ఉన్నప్పుడు కూడా సగం కలలోనే ఉండేవాణ్ని. మిగతా సగం సుగుణకు ఇచ్చేశాను. సుగుణ నెల్లూరు ఆసుపత్రిలో నర్సు. ఆ ఏడు ఎండాకాలం మొదట్లోనే మాకు పెళ్లయింది. కోటకు బదిలీ రాగానే మా ఇంటికి వస్తానంది, కానీ ఒక్క మాట గట్టిగా చెప్పింది.

"సముద్రం ఒడ్డునైనా సరే, దిబ్బ మీదైనా సరే, చెంబు పట్టుకుని బయటికి పోవడం నావల్ల కాదండీ. ఇంట్లో లెట్రిన్ ఉంటేనే వస్తాను. లేకపోతే నెల్లూర్లోనే ఉంటాను, మీరే ఆదివారాలు వచ్చి పోండి."

ఆదివారాల మొగుడిగా బతకడం నాకు ఇష్టం లేదు. ఊళ్లో అంతవరకూ ఎవరికీ సెప్టిక్ ట్యాంకు లేదు. నేను కాగితం పరిచి ప్లాను గీశాను. ఎంత అందమైన ప్లాను! సున్నం కొట్టిన గోడలు, గుమ్మం పక్కన క్రోటన్లు, సరుగుడు తోపు కనబడేలా కిటికీ. నేల గీత పైన రంగు పెన్సిళ్లతో మేఘాలు, ఎగిరే కొంగలు కూడా వేశాను. నేల గీత కింద ఒక ట్యాంకు, ఒక ఇంకుడు గుంత వేసి, ఇంకేం ఉంటుందిలే అని వదిలేశాను.

ఎక్కడ కట్టాలి అన్న దగ్గర నా తెలివి పూర్తిగా వికసించింది. మా ఊళ్లో గాలి సముద్రం మీద నుంచి వస్తుంది. తూర్పున కడితే ఆ గాలి వాసనంతా ఇంట్లోకి తెస్తుంది. కాబట్టి పడమర. ఇక సుగుణ బకెట్టు మోసుకుని ఎక్కువ దూరం నడవకూడదు, సుకుమారమైన చేతులు. కాబట్టి బావి పక్కనే. ఇలా గాలినీ, ప్రేమనూ కలిపి ఆలోచించి, దిబ్బకూ బావికీ సరిగ్గా మధ్యలో గుంత తవ్వించాను.

అమ్మ చూసి, "బావికి అంత దగ్గరేందిరా?" అంది.

"ట్యాంకుకు నాలుగు పక్కలా సిమెంటే కదమ్మా!"

"ట్యాంకు సరే, ఆ రెండో గుంతకు అడుగు లేదే?"

"దానికి అడుగు ఉండకూడదు. నీళ్లు ఇసకలోకి ఇంకిపోవాల."

"ఇంకి యాడికి పోతాయి?"

"కిందికి," అన్నాను, కింద అనేది ఎక్కడో వేరే జిల్లాలో ఉన్నట్టు.

నిజం చెప్పొద్దూ, అది పూర్తయ్యాక అందులో కూర్చోవడం నాకొక భోగమైపోయింది. సాయంత్రం పూట కిటికీలోంచి వచ్చే నారింజ రంగు వెలుతురు, తోపులో గాలి చేసే చప్పుడు, దానికి వెనక నుంచి సముద్రం. ఎవరో పెద్ద మనిషి నిద్రలో ఊపిరి తీసుకుంటున్నట్టు ఉండేది. నేనక్కడ కూర్చుని సుగుణ రాబోయే రోజుల్ని కలగనేవాణ్ని. ఆమె ముక్కుకు ఏ లోటూ రాకూడదని రోజూ ఫినాయిలు పోసేవాణ్ని. ధారాళంగా పోసేవాణ్ని.

ఎండాకాలం హాయిగా గడిచింది. తర్వాత వానలు పడ్డాయి. మా ఇసకలో వానాకాలం నీళ్లు పైకి ఉబికి వస్తాయి, బావిలో చెంబు ముంచితే అందేటంత. బావి నిండుగా, ఆకాశం నిండుగా, ఊరంతా తడిసి మెరుస్తూ ఉన్న ఆ వారంలోనే బదిలీ వచ్చి సుగుణ ట్రంకు పెట్టెతో బస్సు దిగింది. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆమె వచ్చిన మర్నాడు ఖాదర్ మామ గ్లాసు పట్టుకుని వచ్చాడు.

"శామ్యేలూ, ఈ టీ తాగి చెప్పు, ఏందో వాసనొస్తాంది."

తాగాను. ఫినాయిలు. కానీ నాకేమనిపించిందో తెలుసా? నా చేతికే వాసన ఉందనుకున్నాను. కడుక్కుని మళ్లీ తాగాను. బావి నీళ్లతోనే కడుక్కున్నానని గుర్తుంచుకోండి.

"సముద్రం మామా," అన్నాను గంభీరంగా. "వానలకు సముద్రం నీళ్లు లోపలికి తోసుకొచ్చినట్టుండాయి."

"సముద్రానికి ఆసుపత్రి వాసన యాడి నించి వచ్చిందిరా?"

ఆసుపత్రి అన్న మాట ఆయన నోటి నుంచి రావడమే ఆలస్యం, ఊరికి విషయం అర్థమైపోయింది. నర్సు వచ్చింది, ఆసుపత్రి వాసన వచ్చింది. ఇంకేం కావాలి? నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు బావి దగ్గర గుసగుసలు మొదలుపెట్టారు. "ఆ యమ్మ చీరలు ఉతుకుతాందే, ఆ వాసనే మే!" "ఒంట్లోనే పట్టేసుంటాది." సుగుణ విననట్టు ఊరుకుంది. అన్నీ వింది.

నేను వీరుడిలా రంగంలోకి దిగాను. వాసన లెట్రిన్ వల్లేమో అన్న అనుమానం ఎవరికీ రాకూడదని, దాన్ని ఇంకా శుభ్రంగా ఉంచాలని, ఫినాయిలు రెట్టింపు చేశాను. టీ మరింత ఘాటెక్కింది. తర్వాత బావిలో పర్మాంగనేటనే ఊదా మందు వేస్తే నీళ్లు శుద్ధవుతాయని విని, చిటికెడు వేయమంటే గుప్పెడు వేశాను. బావి వంకాయ రంగుకు తిరిగింది. ఆ ఆదివారం అమ్మ చర్చికి కట్టుకెళ్లిన తెల్ల చీర ఆ నీళ్లలో తడిసి ఆరి గోధుమ రంగులో ఉంది. అమ్మ ప్రార్థనలో కళ్లు మూసుకుని దేవుడితో ఏమి చెప్పిందో గానీ, నా పేరు మాత్రం వినపడింది.

ఈలోగా నా కడుపు చెడింది. నా ఒక్కడిదే కాదు, అమ్మది, పక్కింటి పిల్లలది, ఖాదర్ మామది. మిగతావాళ్లు తోపులోకి పరుగెత్తారు. నాకు సొంత లెట్రిన్ ఉంది కదా, దర్జాగా అందులో కూర్చున్నాను. బయటికొచ్చి నీరసంగా ఉందని చెంబుడు బావి నీళ్లు తాగేవాణ్ని. మళ్లీ వెళ్లేవాణ్ని. వెళ్తూ ఫినాయిలు పోసేవాణ్ని. అలా నేను నడిపిన చక్రం ఎంతో చక్కగా తిరిగింది.

పక్కింటి చిన్న పిల్ల నీరసించి తల వాల్చేసింది. సుగుణ రోజంతా ఆ ఇంట్లోనే కూర్చుని, కాచి చల్లార్చిన నీళ్లలో పంచదార, ఉప్పు కలిపి చెంచాతో పట్టించింది. సాయంత్రానికి పిల్ల లేచి కూర్చుంది. ఇంటికి వస్తూ మళ్లీ ఆ గుసగుసలే విన్నదేమో, వచ్చీరాగానే ట్రంకు పెట్టెలో చీరలు సర్దడం మొదలుపెట్టింది.

"నేను పోతానండీ. నేను పోతే వాసన కూడా పోతుందేమో చూద్దాం," అంది. గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయమేసింది. అన్ని నెలలు కన్న కల ఆ పెట్టెలోకి మడతలు మడతలుగా వెళ్లిపోతోంది, నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

"పోవద్దు సుగుణా. నీకోసమే కదా ఇదంతా కట్టింది! నీ ముక్కుకు బాధ లేకుండా రోజూ సీసాలు సీసాలు ఫినాయిలు కూడా పోస్తాండానే!"

ఆమె చెయ్యి ఆగింది. "ఎక్కడ పోస్తున్నారు?"

"లెట్రిన్‌లో."

సుగుణ చేతిలో చీర పక్కన పెట్టి లేచింది. పెరట్లోకి నడిచి బావి దగ్గర నిలబడింది. అమ్మను పిలిచింది. "అత్తమ్మా, ఈ బావికి ఊట ఏ పక్క నుంచి వస్తుంది?"

"పడమటి పక్క నించేనమ్మా. దిబ్బ కింద నించి. ఆ మాట ఈడికీ తెలుసు, చిన్నప్పుడు పూడిక తీసేదానికి దిగినప్పుడల్లా ఆ పక్కనే నిలబడేవాడు, చల్లగా ఉంటాదని."

సుగుణ పడమటికి చూసింది. అమ్మ చూసింది. నేనూ చూశాను. సాయంత్రపు వెలుతురులో, క్రోటన్ల మధ్య, తెల్లగా, ముద్దుగా, నా లెట్రిన్ నిలబడి ఉంది. పైన గాలి సముద్రం నుంచి దిబ్బకు పోతుంది. కింద నీళ్లు దిబ్బ నుంచి సముద్రానికి పోతాయి. నేను పైనున్న దాన్ని మాత్రమే చూసుకున్నాను.

"ఫినాయిలు పోయబట్టి మనకు తెలిసింది," అంది సుగుణ నెమ్మదిగా. "వాసన లేనివి ఎన్ని వచ్చుంటాయో ఆలోచించండి."

ఆలోచించాను. ఆలోచించకుండా ఉంటే బాగుండేది.

"ఇప్పుడేం చేయాల?" అన్నాను.

"వీధిలోకి పోయి చెప్పండి. వాసన నర్సుది కాదని, డ్రాయింగు మాస్టరుదని. అందరూ వినేలా చెప్పండి. అప్పుడు ఈ పెట్టె సంగతి చూస్తాను."

ఖాదర్ మామ కొట్టు ముందు బెంచీ మీద జనం ఉన్నారు. నేను సిగ్గు చంపుకుని నిలబడి, గాలి, ఊట, గుంత, ఫినాయిలు అన్నీ వరసగా చెప్పాను. బావిని మూసేస్తున్నానని, నీళ్లన్నీ తోడి పోయిస్తానని, ఆ గుంత పూడ్పించి ఇంటికి తూర్పున, సముద్రం వైపు, బావికి దూరంగా కొత్తది కట్టిస్తానని చెప్పాను. అంతవరకూ ఎవరూ ఆ నీళ్లు ముట్టుకోవద్దన్నాను. చేతిలో గ్లాసులున్నవాళ్లు వాటిని మెల్లగా బెంచీ మీద పెట్టారు. దూరంగా సముద్రం మాత్రం ఏమీ పట్టనట్టు ఊపిరి తీస్తూనే ఉంది.

ఖాదర్ మామ పొయ్యి వదిలి నా ముందుకొచ్చాడు. కొడతాడనుకున్నాను.

"అంటే ఏంది అల్లుడూ," అన్నాడు, "ఇన్ని దినాలూ నీ సరుకే కాచి, పంచదారేసి, నీకే అమ్మినానా?"

వెనక నుంచి ఎవరో పకపకా నవ్వారు. తిరిగి చూస్తే సుగుణ. నేను పారిపోకుండా చెప్తానో లేదో చూడటానికి వెనకే వచ్చిందట. ఆ నవ్వుకు బెంచీ మీదున్నవాళ్లూ నవ్వేశారు. చివరికి మామ కూడా తల కొట్టుకుంటూ నవ్వాడు. ఇంటికి పోయి పెట్టెలోంచి చీరలు తీసి దండెం మీద వేసింది సుగుణ. నేను మడతలు విప్పి అందించాను.

కొత్త లెట్రిన్ అనుకున్నట్టే తూర్పున, ఇంటి ముందే వెలిసింది. మా ఇంటికి వచ్చే చుట్టాలకు మొదటి దర్శనం దానిదే, సముద్రపు గాలి దాని కబుర్లు రోజూ మాకు మోసుకొచ్చేది. నోరెత్తే హక్కు నాకు లేదు. అందుకే తడిబట్టలతో నిలబడి, పాఠకులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మరెన్నడూ ప్రేమతో లెట్రిన్ కట్టను. కట్టక తప్పకపోతే పెళ్లాంతో బాగా పోట్లాడి, ఆ కోపం చల్లారకముందే, వీలైనంత దూరంగా కడతాను.